లోపలి పిడి లేని తలుపు

మా చిన్నప్పుడు ఒకసారి మిరపకాయలు కారెక్కాయి...

నవ్వకండి, నిజంగానే. మా నాన్న పర్చూరు దగ్గర ఒక మిర్చి షావుకారు గారికి డ్రైవరు. కళ్లంలో కాయలు ఎండబోసి ఉన్నాయి. ఉన్నట్టుండి వాన. తడిస్తే కాయ నల్లబడిపోతుంది. నాన్న ఇంకేమీ ఆలోచించకుండా బస్తాలు తెచ్చి షావుకారు గారి నల్లకారులో ముందూ వెనకా కుక్కేశాడు.

మర్నాడు వెనక సీటు ఖాళీ అయింది. ముందు సీటు నిండా ఇంకా బస్తాలే. నాకు ఎనిమిదేళ్లు. దొరసాని ఆట ఆడదామని వెనక సీట్లో దూరి తలుపు వేసుకున్నాను...

వెనక తలుపులు రెంటికీ లోపలి పిడి లేదు. షావుకారు గారి పిల్లలు నడుస్తున్న కారులో తలుపు తీస్తున్నారని నాన్నే విప్పేశాడు. బయటినుంచి తీస్తేనే దిగాలి. లోపల ఎండ, ఘాటు. ఒకటే తుమ్ములు, దగ్గు, ఏడుపు.

నా తుమ్ములు విని నాన్న వచ్చాడు. వచ్చి తలుపు తీయలేదు. అద్దం దగ్గర వంగి నిలబడ్డాడు.

"ఏడవమాక. అద్దం దించి, చెయ్యి బయటపెట్టి పిడి లాగు."

"నువ్వు తియ్యి నాన్నా..."

"నేను లేనప్పుడు ఎవరు తీస్తారే?"

ఎంత కోపం వచ్చిందో ఆ రోజు. అలాగే పిడి లాగి దిగాక సాయంత్రం దాకా నాన్నతో మాట్లాడలేదు.

తర్వాత నాన్న పోయాడు, షావుకారు గారూ పోయారు. కారు వాళ్ల కొట్టంలో పడి ఉండేది. అందులో కోళ్లు గుడ్లు పెట్టేవి. నా కొడుకు ప్రసాదు మెకానిక్కు. తాత నడిపిన కారు అని వెళ్లి అడిగితే, తీసుకుపో అన్నారు. మూడేళ్లు దాని కిందే పడుకుని బాగుచేసుకున్నాడు. ఇంజను తిరిగింది, రంగు పడింది, కొత్త సీట్లు వచ్చాయి. మిరప ఘాటు మాత్రం పోలేదు. ఎండ తగిలితే ఇప్పటికీ తుమ్ము వస్తుంది.

లోపలి పిడి పెట్టరా అంటే పెట్టలేదు. "తాత తీసింది అట్లాగే ఉండనీ అమ్మా. నువ్వు దొరసానిలా కూర్చో. బండి ఆగితే నేను దిగొచ్చి తలుపు తీస్తా" అన్నాడు.

పాతకార్ల క్లబ్బు వాళ్లు వచ్చే ఏడాది మూడు రోజుల జాతర పెడుతున్నారని, గుంటూరులో బయలుదేరి పర్చూరు మీదుగా ఒంగోలు దాకా అందరూ కలిసి వెళతారని, ఒకటే సంబరపడ్డాడు. పేరు కూడా ఇచ్చాడు. ఇంతలో పచ్చకామెర్లు... పద్దెనిమిది రోజులు... ముప్పై రెండేళ్ల పిల్లాడు.

కారుకి తాళం వేశాను. వాడు పోయాక చర్చి వాళ్లు పెట్టిన ఆదరణ కూడికకి వచ్చిన వాళ్లు చూస్తామన్నా చూపించలేదు. అద్దాలన్నీ ఎక్కించే ఉంచాను. లోపల గాలి వాడిది. నాన్న మిరప ఘాటు, వాడి గ్రీజు వాసన... బయటికి పోతే మళ్లీ ఎక్కడినుంచి తెచ్చుకోను?

వాడి స్నేహితుడు దేవదానం నాలుగుసార్లు తిరిగాడు. "వాడి పేరు లిస్టులో ఉంది పిన్నీ. కారు రాకపోతే వాడు రానట్టే గదా" అన్నాడు. ఆ మాటకి ఒప్పుకున్నాను. కాకపోతే వెనక సీట్లో నేనే కూర్చుంటాను, ఒక్క అద్దం కూడా దించేది లేదు అన్నాను.

"ఇడ్లీ పాత్రలో ఉడికినట్టు ఉడుకుతావు పిన్నీ" అన్నాడు. ఉడికితే ఉడికాను.

రెండు రోజులు అలాగే కూర్చున్నాను. కార్లు ఆగిన చోటల్లా జనం... టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు, ఫోన్లు పట్టుకున్న ఆడపిల్లలు. అద్దం మీద కొట్టి, కొంచెం నవ్వండి ఆంటీ అనేవాళ్లు. నవ్వేదాన్ని. దిగాలని ఉండేది, దిగబుద్ధి అయ్యేది కాదు. సాయంత్రం బస దగ్గర దేవదానం తలుపు తీస్తే, చప్పున వేసెయ్యరా, గాలి పోతుంది అని కసిరేదాన్ని.

మూడోరోజు మధ్యాహ్నం రోడ్డు పక్కన పెద్ద కళ్లం కనపడింది. నేలంతా ఎర్రగా మిరపకాయలు. ఫోటోలకి బాగుంటుందని కార్లన్నీ వరసగా ఆపారు. ఐదు నిమిషాలు కాలేదు... టోపీల వాళ్లంతా తుమ్ములే తుమ్ములు. ఏడాది తర్వాత అప్పుడే నాకు నిజంగా నవ్వు వచ్చింది. దేవదానం కూడా కళ్లు మండి, నీళ్ల కోసం పరుగెత్తాడు.

నేను ఒక్కదాన్నే మిగిలాను. ఎండ నెత్తి మీద ఉంది. నవ్వు కాస్తా దగ్గు అయింది. ఊపిరి అందలేదు. ముందు సీట్లోకి దాటుదామంటే మోకాళ్లు సహకరించవు. తలుపు వంక చూస్తూ కూర్చున్నాను, వచ్చి తీస్తారని... ఎవరి కోసం చూశానో మీకు చెప్పక్కర్లేదు.

ఎవరూ రాలేదు.

నాన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. నేను లేనప్పుడు ఎవరు తీస్తారే...

అద్దం దించే పిడి పట్టుకున్నాను. బిగుసుకుపోయి ఉంటుందనుకుంటే, వేలితో తిప్పినట్టు తిరిగింది. వాడు గ్రీజు పెట్టిన పిడి కదా. అద్దం దిగింది. ఏడాదిగా దాచుకున్న గాలి పోయింది. అబద్ధం ఎందుకు, పోయింది. దాని వెనకే కళ్లం మీద గాలి లోపలికి వచ్చింది. అదే ఘాటు. నాన్న ఘాటు. గట్టిగా తుమ్మి, చెయ్యి బయటపెట్టి, పిడి లాగాను.

దిగాను.

ఇప్పుడు కార్లకి మీట నొక్కితే తలుపులు తెరుచుకుంటున్నాయి. కాయలు కళ్లం నుంచి నేరుగా ఏసీ గోడౌనుకి పోతున్నాయి, వానొస్తే కారెక్కించే మనిషి అవసరం ఎవరికీ లేదు. మా కొట్టంలో కారుకి మాత్రం ఒక అద్దం నాలుగు వేళ్లు దించే ఉంచుతున్నాను...

మీకూ ఎవరైనా ఇలాంటి చిన్న పని నేర్పి వెళ్లిపోయి ఉంటే రాయండి. నాకు చదువు తక్కువ, కూడబలుక్కుని అయినా అన్నీ చదువుతాను.