బీమార్ మామ, బీమా అల్లుడు

ఆ రోజుల్లో మా జహీరాబాద్‌లో బీమా అనే మాట చెవిన పడితే సగం మందికి బీమార్ అని వినిపించేది. తప్పు వాళ్లది కాదు. రోగానికి బీమారి అనీ, రోగిష్టికి బీమార్ అనీ పుట్టినప్పటి నుంచీ అంటున్న ఊళ్లో, ఒక కుర్రవాడు చంకలో రెక్సిన్ సంచి పెట్టుకుని గడప గడపకూ వెళ్లి దవాఖాన బీమా చేసుకోండంటే, పొద్దున్నే వచ్చి రోగం తెచ్చుకోమంటున్నాడేమిటని వాళ్లు అనుకోవడం న్యాయమే. జీవిత బీమా సంగతి అందరికీ తెలుసు. అది పోయాక వచ్చే డబ్బు, కనుక దానికి ఎవరికీ తొందర లేదు. దవాఖాన ఖర్చులకు బీమా అనేది మాత్రం ఎనభైల చివర్లో కొత్తగా దిగింది, దాంతోపాటు ఏజెంటుగా నేనూ దిగాను. మొగుడంపల్లి దాకా సైకిల్ తొక్కుకుంటూ వెళ్తే ఒక పెద్దమనిషి నన్ను మర్యాదగా కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, చెప్పిందంతా విని, "మంచిగ చెప్పినవ్ గాని బిడ్డా, ఇంట్ల జర శుభం పల్కాలె" అని సాగనంపాడు. న్యాల్‌కల్‌లో ఒక అవ్వ నా ఎదుటే ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది (నాకు కాదు, నేను కూర్చున్న వాకిలికి). నాకింకా మీసం సరిగ్గా రాలేదు గానీ, ఈ చుట్టుపక్కల జనాన్నంతా దవాఖాన ఖర్చుల నుంచి కాపాడటానికే పుట్టానన్న నమ్మకం మాత్రం దిట్టంగా ఉండేది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని చివరికి మా మేనమామ మీద పడ్డాను. మా అమ్మకు అన్న. ఊరి బయట చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు తూచే కాటా దగ్గర పనిచేసేవాడు. ఊళ్లో ఆయన్ని అసలు పేరుతో పిలిచిన వాణ్ని నేను చూడలేదు. అందరికీ ఆయన బీమార్ మామ. పొడుగ్గా, ఎర్రగా, తాటిమొద్దులా ఉండేవాడు. కానీ పలకరిస్తే చాలు, తలలో తిప్పుతో మొదలుపెట్టి మడమలో మంట దాకా వరసగా చెప్పుకొచ్చేవాడు. బస్టాండ్ పక్కన చాచా హోటల్లో ఆయనకొక కుర్చీ ఉండేది. ఆయన వచ్చి కూర్చోగానే చాచా గల్లా దగ్గర్నుంచే "ఏం మామా, తబియత్ ఎట్లుంది?" అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఆ పూటకి హోటల్లో అందరికీ కాలక్షేపం దొరికేది. నవ్వేవాళ్లు నవ్వేవారు, చిట్కాలు చెప్పేవాళ్లు చెప్పేవారు. మామ ఎవరినీ నొచ్చుకోనిచ్చేవాడు కాదు, అందరి చిట్కాలూ పాటించేవాడు.

ఇన్నేళ్లూ ఆయన రోగాలన్నిటికీ ఫ్యాక్టరీ దవాఖానే ఆధారం. మోకాళ్లు మొరాయిస్తున్నాయని (అలా ఆయన అన్నాడు, మోకాళ్లు ఏమీ అనలేదు) గడువుకు ముందే నౌకరీ వదిలేసుకునేసరికి ఆ దవాఖాన కూడా పోయింది. ఒకరోజు మా అత్తమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, పీట వేసి, జొన్నరొట్టె పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. "రాయికోడ్‌ల మా అన్నకు జబ్బు చేస్తె పట్నం దవాఖానల పెట్టిన్రు. మనిషి దక్కిండు గాని చెల్క భూమి మొత్తం అమ్ముడుపాయె. మాకు చెల్క గూడ లేదు, ఉన్నది ఈ ఇల్లే. దసరా దాటితె మీ మామకు వయసు ఎక్కువైతది, కొత్తగ బీమా ఇయ్యరంటివి గద. ఎట్లన్న చేసి దసరా లోపల ఒప్పియ్యి బిడ్డా." మా అత్తమ్మ ఒకరిని ఏదైనా అడగడం నేను వినడం అదే మొదటిసారి. నా మొదటి పాలసీ అన్న ఆశ అప్పటిదాకా ఉన్నమాట నిజమే గానీ, ఆ రొట్టె తిని లేచేసరికి అది వేరే సంగతి అయింది.

చాచా హోటల్లో మామ ఎదురుగా కూర్చుని కాగితాలు పరిచాను. పెద్దది, చిన్నది అని రెండు రకాలున్నాయనీ, ఏది కావాలో ఎంచుకోవచ్చనీ, బట్టల దుకాణంలో చీరలు చూపించినట్టు చూపించాను. మామ కళ్లజోడు సర్దుకున్నాడు.

"పొద్దుగాల లేస్తె తల తిర్గుతది. దానికిస్తరా?"

"దవాఖానల చేరితె ఇస్తరు మామా."

"బువ్వ తిన్నంక కడుపుల గుడగుడ అంటది. దానికి?"

"దానికైన అంతే. మంచం ఎక్కి ఒక దినమన్న పండాలె."

"అంటె మంచం ఎక్కితెనే పైసలు. నావన్ని నడిచే బీమారిలు గద అల్లుడా," అన్నాడు మామ, నా మీద జాలిపడుతూ. "సరె తియ్యి. ఇంకేం షరతులున్నయి?"

అక్కడ నేను ఊరుకుని ఉండాల్సింది. నీతి గల ఏజెంటుని కనుక, ముందు నుంచీ ఉన్న రోగాలకు కంపెనీ ఇవ్వదని కూడా చెప్పాను. మామ టీ సాసర్‌లోకి ఒంపుకుని, ఊది, తాగి, తాపీగా అన్నాడు. "అన్ని రోగాలు నాకు ముందే ఉన్నయి. ఇగ కంపెనీకి ఏం మిగిలింది?" హోటల్ గొల్లుమంది. చాచా నాకు టీ డబ్బులు వద్దన్నాడు, పాపం పోరడు అన్నట్టు.

అయినా అత్తమ్మ మాట మీద నిలబడి, ఆయన్ని ఎలాగో డాక్టరు పరీక్షకు ఒప్పించాను. ఒప్పుకోవడానికి కారణం బీమా కాదు. కొత్త డాక్టరు, తన కథ మొదటి నుంచీ వినని మనిషి దొరుకుతున్నాడన్న సంబరం. పెళ్లికి వెళ్లినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. డాక్టరు గుండె విన్నాడు, పొట్ట నొక్కాడు, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు, కాళ్లు వంచమన్నాడు. అన్నీ అయ్యాక చేతులు కడుక్కుంటూ, "మీకు ఏం లేదు పెద్దాయనా. ఈ వయసుల ఇంత మంచిగున్నోళ్లు నాకు తక్కువ కనబడ్తరు" అన్నాడు. అత్తమ్మ కొంగు కళ్లకు అద్దుకుంది. మామ ముఖం మాత్రం పరీక్ష తప్పిన పిల్లవాడి ముఖంలా అయింది. "మల్లొకసారి సూడున్రి సారూ. ఎడమ దిక్కు మీరు సరిగ్గ సూడలే," అన్నాడు. డాక్టరు మంచివాడు, ఎడమవైపు కూడా చూశాడు. అక్కడా ఏమీ లేదు.

ఆ ఆనందం పట్టలేక నేను నేరుగా చాచా హోటల్‌కి వెళ్లి, మా మామకు ఒంట్లో ఏ రోగమూ లేదని డాక్టరు చెప్పాడని అందరికీ చెప్పేశాను. ఏజెంటుగా నా ప్రచారం అప్పటిదాకా ఎప్పుడూ అంత బాగా పనిచేయలేదు. మర్నాడు మామ వచ్చి తన కుర్చీలో కూర్చోగానే చాచా లేచి వచ్చి చేయి కలిపాడు. "డాక్టర్ సాబ్ నిన్ను పాస్ చేసిండట గద మామా. ముబారక్." పక్క బల్ల వాళ్లు కూడా ముబారక్ అన్నారు. తబియత్ ఎట్లుందని మాత్రం ఎవరూ అడగలేదు. అడగడానికి ఏముంది, కాగితం మీద రాసి ఇచ్చాక? మామ సగం టీ వదిలేసి వచ్చేశాడట. ఆ తర్వాత హోటల్‌కి వెళ్లడం మానేశాడు. అరుగు మీద కూర్చుని రోడ్డు వైపు చూసేవాడు. ఎవరైనా పలకరిస్తే, "మంచిగున్న" అని ఒక్క మాట అని ఊరుకునేవాడు. ఆయన నోట ఆ మాట వింటుంటే నాకు భయమేసేది. తిండి తగ్గింది. సంతకం సంగతి ఎత్తితే, "ఏం లేనోనికి బీమా ఎందుకురా" అని ముఖం తిప్పుకునేవాడు. దసరా దగ్గర పడుతోంది, వీధిలో అప్పుడే బతుకమ్మ పాటలు మొదలయ్యాయి.

"నీ బీమా పాడుగాను, మనిషిని మంచిగ చేసి మంచాన పడేసినవ్," అంది అత్తమ్మ. తిట్టినా తిట్టులా లేదు. నా పక్కనే కూర్చుని తంగేడు పూలు గిల్లుతూ చెప్పింది. "ఫ్యాక్టరీ దవాఖానల కంపౌండర్ ఈయనకు ఏం మందు ఇస్తుండెనో ఎర్కనా? ఎర్రనీళ్లు. ఎవలు పోయినా గవే. ఈయన మందుకు పోలె బిడ్డా. ఎట్లున్నవ్ అని అడుగుతడని పోయెటోడు. నువ్వు సంతకం అడగకు. అది అడుగు."

కాగితాలు ఇంట్లోనే పెట్టి ఆ ఆదివారం వట్టి చేతులతో వెళ్లాను. అరుగు మీద మామ పక్కన కూర్చుని, కాసేపు ఊరికే రోడ్డు చూసి, "మామా, తబియత్ ఎట్లుంది?" అన్నాను.

ఆయన నన్ను అనుమానంగా చూశాడు. "డాక్టర్ ఏం లేదన్నడు గద."

"ఆయనకు దొరకలేదేమొ. నువ్వు చెప్పు."

మామ కండువా భుజం మీద సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా, "పొద్దుగాల లేస్తె తల జర తిర్గుతది," అన్నాడు. నేను ఊకొట్టాను. తల నుంచి మెడకు, మెడ నుంచి భుజానికి వచ్చాం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, కానీ ఆ సాయంత్రం నేను లోకువ అయినందుకు నాకేమీ బాధ కలగలేదు. కడుపు దగ్గర అత్తమ్మ టీ తెచ్చింది. మోకాళ్ల దగ్గర మళ్లీ తెచ్చింది. మడమల్లో మంట దాకా వచ్చేసరికి వీధి దీపాలు వెలిగాయి, మామ ముఖంలో మునుపటి కళ వచ్చింది. కండువాతో ముఖం తుడుచుకుని, "ఏవి నీ కాగితాలు?" అన్నాడు. సైకిల్ ఎక్కి ఇంటికి ఎలా పోయి వచ్చానో నాకు గుర్తులేదు.

"పెద్దదా మామా, చిన్నదా?"

"చిన్నది సాలు. కాని నాకూ ఒక షరతుంది. నువ్వు ఐతారం ఐతారం రావాలె. మంచం ఎక్కినంక కంపెనీ చూస్కుంటది. ఎక్కకముందు సంగతి నువ్వు చూస్కోవాలె." సంతకం పెట్టబోయి ఆగాడు. "మీ అత్తమ్మ పేరు గూడ ఎయ్యి. గామెకు ముందుగాల ఏ రోగం లేదు. ఇగ బీమా అంత గామెకే అక్కరకొస్తది." అందరం నవ్వాం. అత్తమ్మ కూడా నవ్వింది.

నవ్వులాటకు అన్నమాటే నిజమైంది. కొన్నేళ్లకు అత్తమ్మకు కడుపులో రాళ్లని పట్నంలో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. కంపెనీ డబ్బు ఇచ్చింది, ఇల్లు ఇల్లులాగే ఉంది. మామ మాత్రం ఆ బీమాను ఒక్కసారి కూడా వాడుకోలేదు. చాచా హోటల్లో మళ్లీ తన కుర్చీ తాను ఎక్కి, బోలెడంత కాలం నడిచే బీమారిలతోనే నడిచి, ఒక తెల్లవారుజామున ఏ దవాఖాన మంచమూ ఎక్కకుండా వెళ్లిపోయాడు. పెళ్లయినా, పిల్లలు పుట్టినా నేను ఆదివారాలు మానలేదు. ఊళ్లో నన్ను బీమా అల్లుడు అనేవారు. ఆయన పోయాక వచ్చిన మొదటి ఆదివారం, అలవాటు కొద్దీ సైకిల్ తీసి, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి తిప్పుకుని వచ్చాను. ఏడుపొచ్చింది.

మొన్న నా వంతు వచ్చింది. నా వయసూ అంచుకు చేరింది కదా, ఉన్న బీమాను కాస్త పెద్దది చేయించుకుందామని కబురు పెడితే ఒక అమ్మాయి వచ్చింది, చేతిలో ఫోన్, ముఖంలో నా ఒకప్పటి నమ్మకం. "అంకుల్, ముందు నుంచి ఏమన్న ప్రాబ్లమ్స్ ఉన్నయా?" అంది. అవుననో కాదనో చెప్పి ఊరుకోవాలని ఎందరికో నేర్పినవాణ్ని. "పొద్దున లేవగానే తల కొంచెం..." అని మొదలుపెట్టాను. ఆ పిల్ల మంచిది, ఫోన్ పక్కన పెట్టి విన్నది. నేను మోకాళ్ల దాకా వచ్చేసరికి లోపలి నుంచి మా ఆవిడ, "వచ్చిండమ్మా బీమార్ మామ" అనడం వినిపించింది. సంతకం ఇంకా మిగిలే ఉంది. వెళ్తూ వెళ్తూ, మళ్లీ ఎప్పుడు రమ్మంటారంకుల్ అని అడిగింది ఆ అమ్మాయి.

"ఐతారం రా బిడ్డా," అన్నాను.