లేత్ మీద కొబ్బరికాయ

మాస్టారు నిద్రలోనే ప్రశాంతంగా వెళ్ళిపోయారని సంతాప సభలో మైకు పట్టుకుని, ఆయన పాత శిష్యులైన మీలో ఒకరన్నారు. తప్పండీ. మా ఎదురింటి మాస్టారు పోయిన నెల ఏలూరు ఆసుపత్రిలో, పూర్తి మెలకువతో, చిరాకుపడుతూ పోయారు. నేను పక్కనే ఉన్నాను. తల మీద తిరుగుతున్న ఫ్యానుకేసి చూసి, "దాని బేరింగు పోయింది, వీళ్ళకి వినపడదేంటండీ?" అన్నారు. ఆ వెంటనే, "షాపు తీశారా?" అని అడిగారు. తీయలేదన్నాను. అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు, వినే అలవాటు ఆయనకూ లేదు. మొహం గోడవైపు తిప్పేసుకున్నారు. దాన్ని ప్రశాంతత అనుకుంటే మీ ఇష్టం.

షాపంటే మీకు చెప్పక్కర్లేదు, మీరంతా అందులోంచి వచ్చినవాళ్ళే. ఈ సంచిక చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. తాడేపల్లిగూడెంలో ఆయన చివరిదాకా మెషినిస్టు ట్రేడు నేర్పిన ఐ.టి.ఐ.లో వర్క్‌షాపు అది. ఆ సంస్థ పేరు రాయను, రాస్తే పొగిడాననుకుంటారు. మాస్టారు మంచాన పడ్డ రోజే దానికి తాళం పడింది. పరీక్షలు దగ్గరకొస్తుంటే పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే లేత్ మిషను వీడియోలు గోడ మీద చూపిస్తున్నారు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. "ఈత వీడియో చూపించి పిల్లల్ని కొల్లేట్లో దింపుతారా?" అని ప్రిన్సిపాలు గారిని అడిగాను. ఆయన నవ్వారు. నేను నవ్వించడానికి అడగలేదు.

ఆ పిల్లల్లో మా మనవరాలొకతి. చేరిన వారానికే, చున్నీ వేసుకుని లోపలికి రావద్దన్నారని వచ్చి చెప్పింది. వాళ్ళ నాన్న మొహం మాడ్చుకున్నాడు. నేను చెప్పులేసుకుని షాపుకి బయల్దేరాను.

"మాస్టారూ, ఆడపిల్లని చున్నీ లేకుండా రమ్మన్నారట?"

"అన్నానండి. వదులు చొక్కాలేసుకొచ్చిన మగపిల్లల్ని నిన్న ఇంటికి పంపేశాను. జడ టోపీలోకి దోపుకోమని కూడా చెప్పాను. మీరు మాత్రం అక్కడే ఆగండి."

"నన్నెందుకాపడం?"

"మీ కొంగండీ. మిషనుకి వావీ వరసా ఉండవు. అందిందల్లా లాక్కుంటుంది."

నేల మీద పసుపు గీత ఒకటుంది. ఎంతోమంది పిల్లల్ని క్లాసు బయట నిలబెట్టినదాన్ని, ఆ గీత ఇవతల కొంగు బిగించి నిలబడి, మిగతా పోట్లాట అక్కడినుంచే కానిచ్చాను. గెలిచానని చెప్పను గానీ, చున్నీలు తగిలించుకోవడానికి వరండాలో మేకులు కొట్టించింది మాత్రం నేనే.

ఆయన దగ్గర చేరగానే లేత్ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి చేతికిచ్చి, నాలుగు పక్కలా చదునుగా వచ్చేదాకా రుద్దమనేవారు. మనవరాలి అరచేతులు బొబ్బలెక్కాయి. విసుగొచ్చి ఓ రోజు గబగబా రుద్దేసి, ఒక పక్క పల్లం చేసి పట్టుకెళ్ళింది. ఆయన ఒక్క మాట గట్టిగా అనలేదట. "ఎక్కువుంటే తీయొచ్చమ్మా, తీసేశాక అతికించలేం" అని కొత్త ముక్క చేతిలో పెట్టారట. ఇప్పుడది నేను కూరలో ఉప్పేస్తుంటే పక్కన నిలబడి ఆ మాట తిరగేసి నాకే చెబుతోంది.

కైకలూరు వైపునుంచి చేపల చెరువు రైతొకాయన, నీళ్ళలో గాలి కొట్టే ఏరియేటరు షాఫ్టు విరిగిందని పరిగెత్తుకొచ్చిన రోజు నేను గీత దగ్గరే ఉన్నాను. అప్పటికి రోజూ వెళ్ళడం అలవాటైపోయింది, పోట్లాడ్డానికి ఏదో ఒకటి దొరికేది.

"మాస్టారూ, ఇది తిరక్కపోతే తెల్లారేసరికి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలిపోతాయండీ. మీ చేత్తో చేసి పెట్టండి."

"నా చేత్తో ఎందుకండీ, వీళ్ళున్నారుగా." మనవరాలి వైపు చెయ్యి చూపించారు.

రైతుగారు మనవరాలిని చూశారు, నన్ను చూశారు, పైకప్పు చూశారు. "ఆడపిల్లలు చేస్తే ఆగుతుందాండీ?"

"ఎవరు చేశారో షాఫ్టుకి తెలీదు లెండి. మీరు చెప్పకండి."

మనవరాలే చేసింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డారు, అంతే. ఆ చేతులు అలా కట్టుకుని ఉండటానికి ఆయనెంత కష్టపడ్డారో ఎదురుగా నిలబడ్డ నాకు కనిపించింది. నేర్పడమంటే అదేనండీ. నేను కూడా ఎదుటి పిల్ల చేతిలోంచి సుద్దముక్క లాక్కోకుండా ఉండటానికి చాలా కాలం తంటాలు పడ్డాను. ఆ షాఫ్టు బాగా తిరుగుతోందని, పరీక్ష ప్యాసవగానే ఆకివీడులో ఏరియేటర్లు బాగుచేయడానికి కొత్తగా పెడుతున్న తమ షెడ్డులో ఉద్యోగమిస్తానని ఆ రైతుగారే కబురు పంపారు. ప్యాసవ్వాలంటే చేత్తో పని చేసి చూపించాలి. చేతికి పని లేదు.

ఇక మీ సభ సంగతి. ఏటా దసరాకి ఆయన షాపులో పూజ చేయించేవారు. మోటారు మూత మీద బొట్టు, గుమ్మం బయట మెట్టు మీద కొబ్బరికాయ. లేత్ బెడ్ మీదకి మాత్రం ఒక్క పువ్వు రానిచ్చేవారు కాదు. పనిముట్టు జారే ఆ నున్నటి పట్టాల మీద కొబ్బరినీళ్ళు పడితే తుప్పు, కుంకుమ పడితే నూనెలో కలిసి ఇసుకలా గీస్తుంది. ఇది మీ అందరికీ తెలుసు, మీరందరూ దానికి తిట్లు తిన్నారు. మరి చదువుకునే పిల్లల కోసం తెరవని తాళం సంతాప సభ కోసం తెరిచారు. ఆయన ఫొటో తీసుకెళ్ళి సరిగ్గా బెడ్ మీద పెట్టారు. తడి దండ వేశారు, పసుపూ కుంకుమా చల్లారు. ముఖ్య అతిథిగారు భక్తిగా కొబ్బరికాయ పైకెత్తి, బెడ్ అంచుకేసి కొట్టారు. మీరు చప్పట్లు కొట్టారు. లేత్ షాపులున్నవాళ్ళు, రోజూ అదే పట్టాలకి నూనె పూసుకునేవాళ్ళు, చప్పట్లు కొట్టారండీ!

మనవరాలు వరుసల మధ్యలోంచి దూసుకెళ్ళి, ఫొటో తీసి కుర్చీలో పెట్టి, వరండాలో మేకుకున్న తన చున్నీ లాక్కొచ్చి ఆ నీళ్ళు తుడవడం మొదలెట్టింది.

"ఎవరమ్మా ఆ పిల్ల? సభామర్యాద తెలీదా?" అన్నారు అతిథిగారు.

"తెలుసండీ. షాపు మర్యాద తెలిసింది కూడా దానికొక్కదానికే" అన్నాను. మైకు లేకపోయినా నా గొంతు వెనక వరుసదాకా వెళ్తుంది.

తర్వాత విగ్రహం పెడదామా, గేటుకి ఆయన పేరు పెడదామా అని చర్చ జరిగింది. టీలయ్యాయి. తాళం మళ్ళీ పడింది. నేను ప్రిన్సిపాలు గారిని గుమ్మంలో ఆపాను.

"కొత్తాయన వచ్చేదాకా తీయలేమండీ. ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు పూచీ?"

"అనుభవమున్న మనిషొకరు వచ్చి దగ్గరుంటే?"

"ఉంటానని రాసిస్తే తీస్తానండి. ఎవరొస్తారు చెప్పండి, ఎవరి వ్యాపారాలు వాళ్ళవి."

అక్కడ మీరందరూ ఉన్నారు. ఏలూరు, తణుకు, నల్లజర్ల నుంచి కార్లేసుకొచ్చారు. ఆయనతోనే ఆ విద్య పోయిందని ఒకరు కళ్ళు తుడుచుకున్నారు. పోలేదండీ. మీ చేతుల్లో ఉంది, ఆ చేతుల్తోనే కళ్ళు తుడుచుకున్నారు. ఆయన మీకు నేర్పినప్పుడు వ్యాపారం తర్వాత చూసుకుంటానని మీరెవరూ అనలేదు.

విగ్రహం సంగతి నాకక్కర్లేదు. ఈ శనివారం మీలో ఒకరు పొద్దున్నే రండి. టిఫినుకి వెళ్తే ప్రిన్సిపాలు గారు ఓ పట్టాన తిరిగి రారు, ఆయన వెళ్ళేలోపే పట్టుకుని, దగ్గరుంటానని రాసి సంతకం పెట్టండి. తాళంచెవి ఆఫీసులో అటెండరు దగ్గరుంటుంది, అడిగితే ఇస్తాడు. పిల్లలు వరండాలో నిలబడి ఉంటారు, నేను చెప్పి ఉంచాను. షాపులో మిషనాయిలు నిండుకుంది, వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర ఒక డబ్బా కొనుక్కురండి.