ముత్యాలమ్మ తట్టలో పాలసొర

ముత్యాలమ్మ మంచిదని నా ముందు ఎవరూ అనకండి. గోడకి గోడ ఆనుకుని బతికినదాన్ని, నాకు తెలుసు.

బరంపురం కొత్త ఒరిస్సా రాష్ట్రంలోకి వెళ్లిన రోజులవి. అక్కడి పెద్దిళ్లలో ఎవరికి కానుపు జరిగినా కబురు సముద్రపొడ్డున మా పేటకే వచ్చేది. బాలింతకు పాలు పడాలంటే పాలసొర పెట్టాలి. ఆ చేప వలలో పడితే చాలు, ముత్యాలమ్మ తడిగుడ్డలో చుట్టి, తట్ట నెత్తికెత్తుకుని పట్నం పరుగెత్తేది. "నీ సొర తిన్నాకే పాలు పడ్డాయి, ముత్యాలమ్మా" అని అక్కడి ఓ పెద్దింటి భారతీదేవిగారు బొద్దుగా ఉన్న కొడుకును చూపించారట. ఆ ముచ్చట ఈవిడ పేటంతా తిరిగి చెప్పుకుంది.

ఇంట్లో కోడలు సీతాలుకు మాత్రం గంజీ, ఉప్పురాయీ. కడుపుతో ఉన్నప్పుడూ అంతే, కన్నాకా అంతే. మొదటి బిడ్డ మసేను పిడికెడంత పుట్టాడు. తల్లికి పాలు చాలక వాడికీ గంజితేటే పోశారు. మూడో ఏడు వచ్చినా వాడు లేచి నిలబడలేదు. కాళ్లు పుల్లలు, పొట్ట కుండ. వాడి తండ్రి పైడన్న ఇదంతా చూస్తూ వలలు బాగుచేసుకునేవాడు. మొగాడట, మొగాడు!

రెండో కానుపులో ఆడపిల్ల పుట్టింది. పాలు అందక గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ పొద్దున్నే పాలసొర పడింది. ముత్యాలమ్మ తట్ట సర్దుకుంటుంటే సీతాలు గోడ పట్టుకుని బయటికొచ్చి, చేప మీద చెయ్యేసింది.

"ఒగ్గే! బరంపురం వోళ్లకి మాటిచ్చినాను."

"ఇయ్యాల ఇది నాకు."

"నలుగుర్ని కన్నాను నాను. గంజి తాగే పెంచినాను."

"పెంచినావా అత్తా? నీ కొడుకొక్కడే ఉన్నాడు కదా. మిగతా ముగ్గురూ ఏరి, సెప్పు?"

వీధంతా వింటోంది. ముత్యాలమ్మ నోరు పడిపోయిందనుకున్నాను. ఎక్కడ! తట్ట గుంజుకుంటూ అరిచింది.

"నాకెవులెట్టినారే సొర? నాకెవులెట్టినారు?"

ఆ మాటకు జాలిపడినవాళ్లున్నారు. నాకైతే ఒళ్లు మండింది. ఎప్పుడో పోయిన తన అత్త మీద కోపం ఈ పసిగుడ్డు మీదా తీర్చుకోవడం?

సీతాలు గొంతు పెంచలేదు.

"నీకూ ఎట్టాల్సింది అత్తా. ఎట్టలేదు. అందుకే ముగ్గురు పోనారు."

చేప లాక్కుని లోపలికెళ్లి గడియ వేసుకుంది. ముత్యాలమ్మ ఖాళీ తట్టతో గుమ్మం ముందే కూలబడింది. ఆ రోజు బరంపురానికి సొర వెళ్లలేదు.