గద్ద దిగిన మధ్యాహ్నం

ఇరవై రెండేళ్లప్పుడు నేను మా బావ వీడియో షాపులో పెళ్లిళ్లు ఎడిట్ చేసేదాన్ని. నరసన్నపేటలో కింద చెప్పుల దుకాణం, పైన మా షాపు. బావ, అంటే మా అక్క మొగుడు, కెమెరా పట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. నేను కంప్యూటరు ముందు కూర్చుని తాళి కట్టే చోట తెర నిండా పూలు కురిపించేదాన్ని. కూర్చుని అంటున్నాను గానీ, ఎక్కడా కుదురుగా కూర్చున్న మనిషిని కాను. పాట మారినప్పుడల్లా లేచి కిటికీ దగ్గరికి పోయి హైవే మీద లారీలు చూసి వచ్చేదాన్ని. మా అమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం చర్చిలో ప్రసంగం సాగినంతసేపూ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి ఉంచేది, కాలు ఊపకుండా.

ఒకసారి టెక్కలి వైపు ఒక పెళ్లికి వెళ్లిన బావ, పురోహితుడు ఆలస్యం చేస్తుంటే విసుగెత్తి, పక్కనున్న చింతచెట్టు మీద కొంగల్ని నలభై సెకన్లు తీశాడు. పెద్ద కొంగలు. పసుప్పచ్చ ముక్కు, తోక దగ్గర గులాబీ రంగు ఈకలు. ఒకటి పుల్ల పట్టుకుని దిగింది. గూట్లో ఉన్నది ఆ పుల్ల అందుకుని, ఒకచోట పెట్టి, నచ్చక తీసి, ఇంకోచోట పెట్టింది. పెళ్లివాళ్లకిచ్చిన డిస్కులో ఆ ముక్క లేదు. నా దగ్గర దాచుకున్నాను. పని మధ్యలో ఎన్నిసార్లు పెట్టుకుని చూశానో చెప్పలేను. ఇది తీయడమే పనిగా బతికేవాళ్లు ఎక్కడో ఉంటారు కదా, వాళ్లకు ఈ పని ఎవరు నేర్పి ఉంటారు, అని ఒకటే ఆలోచన.

రాష్ట్రం రెండుగా చీలిన ఏడాది, శీతాకాలం మొదట్లో, అలాంటి మనిషి ఒకావిడ మా షాపు మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన వయసు, కత్తిరించిన జుట్టు, మట్టి రంగు చొక్కా. హైదరాబాదు నుంచి ఆ కొంగల మీదే సినిమా తీయడానికి వచ్చిందట. ఆమె సహాయకుడు టైఫాయిడ్‌తో మంచం పట్టి ఇంటికి వెళ్లిపోయాడు. బ్యాటరీలు ఛార్జ్ చేసి, బరువులు మోసి, ఊళ్లోవాళ్లతో మాట్లాడిపెట్టే మనిషి కావాలంది.

బావ నా వైపు చూశాడు. "మా మరదలు ఉన్నాది మేడం. బరువులు మోస్తాది. కంప్యూటర్ పనీ వచ్చు. గానీ కుదురు నేదు. ముందే సెప్తన్నాను, తరవాత నన్ననకండి."

"కుదురు నేర్పచ్చు, ఇష్టం నేర్పలేం," అంది మేడం. "నీకు ఇష్టమేనా అమ్మా?"

నేను ఆ నలభై సెకన్లు పెట్టి చూపించాను. ఆమె ముందుకు వంగి చూసింది. "ఇది తీసినవాడికి చెయ్యి నిలవదు," అంది. బావ మొహం మాడిపోయింది. మర్నాడు నేను బట్టల సంచీతో టెక్కలి బస్సెక్కాను.

ఆ ఊళ్లో చింతచెట్లు ఇళ్ల మధ్యలోనే ఉంటాయి. కింద గేదెలు, పైన కొంగలు. కొంగలు రాకపోతే ఆ ఏడు పంట ఉండదని ఊరి నమ్మకం. వాటి మీద ఎవరూ చెయ్యెత్తరు. మాకు ఒక ముసలామె ఇంట్లో ముందుగది ఇచ్చారు. ఆమెను అందరిలాగే నేనూ మామ్మ అనేదాన్ని. కొడుకూ కోడలూ పొలానికి పోతే పగలంతా ఇంట్లో ఆమె ఒక్కతే. ఆ ఇంటి డాబాకు ఎదురుగా, సరిగ్గా మన కంటి ఎత్తున ఒక గూడు ఉంది. డాబా మీద మేడం ఆకుపచ్చ గుడ్డతో చిన్న డేరా కట్టింది. ఇద్దరు మోకాళ్లు ముడుచుకుంటే పడతారు. గుడ్డకు ఒక చీలిక, అందులోంచి లెన్సు బయటికి.

"కింద మనుషులు ఎంత తిరిగినా ఈ పక్షులకు లెక్కలేదు. కానీ వాటి ఎత్తులో మనిషి కనిపిస్తే బెదురుతాయి. వెలుగు రాకముందు లోపలికి వెళ్తాం, చీకటి పడ్డాక బయటికొస్తాం. మధ్యలో ఏమొచ్చినా లేవకూడదు," అంది. ఏమొచ్చినా అన్న మాటను ఒత్తి పలికింది.

మొదటి పది రోజులు నన్ను కెమెరా ముట్టుకోనివ్వలేదు. ఒక నోటు పుస్తకం ఇచ్చింది. పది నిమిషాలకోసారి పక్షి ఏం చేస్తోందో రాయాలి. మొదటిరోజు "తల్లి ప్రేమగా చూస్తోంది" అని రాశాను. ఆమె దాన్ని కొట్టేసింది. "అది తల్లో తండ్రో నీకు తెలుసా? ప్రేమ నీకు కనిపించిందా, ఊహించావా? తల ఎటు తిప్పింది? అది రాయి."

తల ఎటు తిప్పిందో రాశాను. రెక్క ఎన్నిసార్లు విదిల్చిందో రాశాను. చాలాసార్లు "ఏమీ చేయలేదు" అని రాశాను. కాళ్లు తిమ్మిరెక్కేవి, వీపు మీద చెమట పాకేది. పదిన్నర దాటేసరికి ఒంట్లో ఏదో పాకుతున్నట్టుండేది. లేచి, గుడ్డ చింపేసి, మెట్లు దిగి, పొలం గట్టు మీద పరిగెత్తాలనిపించేది. రెండో వారంలో ఒక పూట నిజంగానే ఏడ్చాను, చప్పుడు లేకుండా. మేడం చూసింది. నీళ్ల సీసా నా వైపు జరిపింది.

తర్వాత కెమెరా చేతికిచ్చింది. అప్పుడు ఇంకో బాధ. పెళ్లిళ్ల ముక్కలు చూసీ చూసీ నా చేతికి ఒక అలవాటు వచ్చేసింది. ఊరికే దగ్గరికి లాగడం, దూరం జరపడం, అటూ ఇటూ తిప్పడం. "నీ చెయ్యి ఇంకా పెళ్లిలోనే ఉంది," అనేది మేడం. ఒక షాటు పెడితే ముప్పై లెక్కపెట్టే వరకూ కెమెరా మీద చెయ్యి వెయ్యకూడదు. పదిహేను దగ్గరే నా వేళ్లు గిలగిల్లాడేవి. రాత్రి తెర మీద చూసుకుంటే ప్రతి షాటులోనూ పదిహేనో సెకను దగ్గర వణుకు.

గుడ్లు పగిలాయి. మూడు పిల్లలు, తెల్లటి నూగుతో, దూది ముద్దల్లా. ఎండ ముదిరితే పెద్ద కొంగ సూర్యుడికి అడ్డంగా నిలబడి రెక్కలు విప్పి పిల్లల మీద నీడ పట్టేది. దాని జత పక్షి చెరువు నుంచి నీళ్లు పుక్కిట పట్టి తెచ్చి పిల్లల మీద వంపేది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు నా కాళ్ల సంగతి మర్చిపోయాను.

పిల్లలకు రెండు వారాలు దాటిన తర్వాత మేడంకి జ్వరం వచ్చింది. రక్త పరీక్షకు శ్రీకాకుళం వెళ్తూ కెమెరా నాకప్పగించింది. "మామూలుగా ఏం చేస్తామో అదే చెయ్యి. కొత్తగా ఏమీ చెయ్యకు."

ఆ రోజు ఉదయమంతా గూట్లో ఏమీ జరగలేదు. రెక్కలు విప్పి నిలబడ్డ కొంగ, దాని నీడలో పిల్లలు. అంతే. నేను ఒక్కదాన్నే ఉన్నానన్న సంబరం పదింటికల్లా అయిపోయింది. ఈ రోజు కూడా ఏమీ తీయకపోతే మేడం ఏమనుకుంటుంది? పన్నెండు దాటాక రెక్క మీద వెలుగు మారింది. నాలుగడుగులు ఎడమకు జరిగితే రెక్కలోంచి వచ్చే వెలుగు పిల్లల మీద పడటం కనిపిస్తుందనిపించింది. జరిగి చూసి, బాగుంటే కెమెరాను కూడా జరుపుదామనుకున్నాను. కెమెరాను ఆపకుండా వదిలేసి, డేరా గుడ్డ ఎత్తి బయటికొచ్చి, పిట్టగోడ దాకా నడిచి నిలబడ్డాను.

కొంగ నన్ను చూసింది. మెడ సాచి, ఒక్కసారి ముక్కు టకటకలాడించి, గూడు విడిచి ఎగిరిపోయింది. నేను గబుక్కున డేరాలోకి దూరాను. వచ్చేస్తుంది, ఇప్పుడే వచ్చేస్తుంది అనుకుంటూ చీలికలోంచి చూస్తున్నాను. దానికంటే ముందు గద్ద వచ్చింది. ఎటు నుంచి దిగిందో తెలీదు. ఒక పిల్లను కాళ్లతో తన్నుకుపోయింది. మిగిలిన రెండూ అంచుకు పాకాయి. అందులో ఒకటి కొమ్మల మధ్య నుంచి జారి కింద పడింది. అంతా కలిపి పది సెకన్లు కూడా లేదేమో. నా చెయ్యి కెమెరా మీద లేదు. అందుకే ఎక్కడా వణుకు లేదు.

కింద మామ్మ గొంతు వినపడింది. "అయ్యో అయ్యో, నా తల్లే, పడిపోనావా!" పరుగున దిగాను. పెరట్లో గడ్డి కుప్ప మీద పడింది పిల్ల. బతికే ఉంది. మామ్మ దాన్ని చీర చెంగులో చుట్టి పట్టుకుంది.

"సూస్తావేటే గుంటా, సేపలమ్మి ఇంకా ఈది సివరే ఉంటాది. బేగి ఎల్లు. నెత్తళ్లు తే."

తెచ్చాను. మామ్మ చేపల్ని వేళ్లతో నలిపి ముద్ద చేసి దాని నోట్లో పెట్టింది. మొదట కక్కేసింది. మూడో ముద్ద మింగింది. నేను ఊపిరి పీల్చుకోబోతుంటే మామ్మ తల ఎత్తకుండానే అంది.

"నువ్వు బయటికొచ్చి నిల్సున్నావు గదే. అది నిన్ను సూసే లెగిసిపోనాది. నాను సూసినాను."

నేను ఇంకో చేప తీసి ఆమె చేతికి అందించాను.

"నానేటీ సెప్పనులే మీ మేడంకి," అంది.

అలా అనకపోతేనే బాగుండేది. సాయంత్రం మేడం వచ్చింది. మామూలు జ్వరమేనని చెప్పారట. నేను ఆ షాటు చూపించాను, గద్ద దిగిన దగ్గర నుంచి. ఆమె మంచం మీద లేచి కూర్చుంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ. "ఇరవై ఏళ్లలో నాకు ఇలాంటిది రెండుసార్లు దొరికింది. నీకు రెండు నెలల్లోనే దొరికింది," అంది. నా తల మీద చెయ్యి పెట్టి ఊపింది. "సినిమాకు ఇదే గుండెకాయ."

నేను నవ్వాను.

ఆ తర్వాత నాలుగు రోజులు నాకు ఎక్కడా కాలు నిలవలేదు. డేరాలో కూర్చుంటే గూట్లో మిగిలిన ఒక్క పిల్ల. కిందికొస్తే గంపలో మామ్మ పెంచుతున్న పిల్ల. అది నన్ను చూడగానే నోరు తెరిచేది, చేపలు తెచ్చేది నేనే కాబట్టి. ఆదివారం ఇంటికి వెళ్లాను. చర్చిలో అమ్మ మోకాలి మీద చెయ్యి వేస్తే తోసేశాను. ఇంటికొచ్చాక కంచం ముందు నుంచి రెండుసార్లు లేచాను.

"ఏటే, పీట మీద ముళ్లున్నాయేటి?" అంది అమ్మ. "ఆ మేడం ఏటైనా అన్నాదా?"

"మెచ్చుకుంది," అన్నాను.

"మెచ్చుకుంటే ఇలగుంటావేటి?"

అన్నం పూర్తి చేయకుండానే బస్టాండుకు బయల్దేరాను. టెక్కలి బస్సులో సీటు ఉన్నా నిలబడే వెళ్లాను. మేడం ముందుగదిలో లెన్సు తుడుస్తోంది. చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశాను. లేచానని, అది నన్ను చూసే ఎగిరిందని, షాటు మొదట్లో ఉన్న ఆ ముక్క కావాలనే చూపించలేదని.

ఆమె లెన్సుకు మూత పెట్టింది. "మొదటి నుంచీ పెట్టు," అంది. పెట్టాను. తెర మీద కొంగ మెడ సాచి, కెమెరాకు ఎడమగా, నేను నిలబడ్డ చోటికి చూసింది.

"జత పక్షి వచ్చేదాకా ఇది గూడు వదలదు కదా అని, ఆ షాటు చూసినరోజే నాకు అనుమానం," అంది. "అడగలేదు. షాటు అంత బాగుంది. అడిగితే పోతుందని భయపడ్డాను. కాబట్టి నీ ఒక్కదాని తప్పే కాదు."

కేకలేస్తుందనుకున్నాను. వెళ్లిపొమ్మంటుందనుకుని సంచీ కూడా చేతిలోనే పట్టుకున్నాను. ఆమె నోటు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "ఆ రోజు పేజీలో రాయి. ఏం జరిగిందో, ఎవరు చేశారో."

రాశాను. "12.20. నేను లేచి నిలబడ్డాను. పక్షి ఎగిరింది." మిగిలింది రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె చదివి, ఆ షాటు సినిమాలో ఉండదని చెప్పి, లైటు తీసి పడుకుంది. మర్నాడు వెలుగు రాకముందు నన్ను లేపి, డేరాలో కెమెరా వెనక నన్నే కూర్చోబెట్టింది.

గంపలో పిల్ల బతికింది. రెక్కల్లో నల్ల ఈకలు మొలిచాక అటవీశాఖ మనిషి వచ్చి, పడిపోయిన పిల్లల్ని ఉంచే వలకంచెలోకి తీసుకెళ్లాడు. నేనూ మామ్మా చూడటానికి వెళ్లాం. అప్పటికే అక్కడ అలాంటివి ఆరున్నాయి. మామ్మ ఒకదాన్ని చూపించి "అదే మనది" అంది. నాకు పోలిక తెలియలేదు. అవునన్నాను.

సినిమా పూర్తయ్యాక మేడం ఆ ఊరి బడి గోడకు తెల్ల దుప్పటి కట్టి వేసి చూపించింది. బావ కూడా వచ్చాడు. నేను తీసినవి మూడు షాట్లున్నాయి. ఒకదానిలో కొంగ రెక్కల నీడ, కింద ఒక్కటే పిల్ల. మామ్మ ముందు వరసలో కూర్చుని, మిగిలిన రెండూ ఏమయ్యాయని పక్కవాళ్లడిగితే "ఒకటి గద్ద తన్నుకుపోనాది, ఒకటి నాను సాకినాను" అని చెబుతోంది. నా సంగతి చెప్పలేదు. నేనే ఆమె పక్కకు వెళ్లి కూర్చుని, వాళ్లకు మొదటి నుంచీ చెప్పాను. ఒకామె నన్ను కిందికీ పైకీ చూసి, "మరలాగ లెగిసినావేటే?" అని అడిగింది. "వెలుగు కోసం," అన్నాను. బావ బండి తీశాడు, నేను వెనకాల ఎక్కాను.