తొమ్మిది గంటల్లో న్యూయార్క్

ఆఫీసు పని మీద న్యూయార్క్ వెళ్లి నిన్ననే తిరిగొచ్చాను. ఈ రోజు హైటెక్ సిటీలోని మా కొత్త ఆఫీసులో అడుగుపెట్టగానే, నా సెలవుల్లోంచి ఒక రోజు కోసేశామన్నారు. ఎందుకని అడిగితే, అడ్మిన్ చూసే యాదగిరి గారు నా విమానం టికెట్ తీసి ముందు పెట్టారు.

"పోయేటప్పుడు పొద్దున ఏడింటికి బొంబాయిల ఎక్కి, సాయంత్రం నాలుగింటికి దిగిన్రు. తొమ్మిది గంటలు. వచ్చేటప్పుడు ఇరవై ఎనిమిది గంటలు పట్టింది. నడుమ ఏడ తిరిగిన్రు మేడమ్?"

"రెండుసార్లూ పద్దెనిమిదిన్నర గంటలేనండి. వాళ్ల టైము మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక. మీ వెనక గోడ మీదున్న రెండో గడియారం చూడండి" అన్నాను. దాని కింద న్యూయార్క్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. దానికి బ్యాటరీ మార్చేది కూడా ఆయనే.

ఆయన తల కూడా తిప్పలేదు. "అది క్లయింట్లు వస్తే చూపెట్టనీకి మేడమ్. సెలవులు లెక్కగట్టనీకి కాదు."

కూర్చుని కూర్చుని వాచిన నా కాళ్లు ఇంకా చెప్పుల్లో పట్టడం లేదు. అందుకే రేపు ఆ రెండో గడియారంలో తొమ్మిదైనప్పుడే ఆఫీసుకు వస్తాను. అంటే మనకు సాయంత్రం ఆరున్నరకు. ఇది చదివే మా ఆఫీసు వాళ్లు, నాతో ఎవరెవరు వస్తారో చెప్పండి.