వేలంలో లేచిన ఒక్క చెయ్యి

ఆ ఇల్లు కొనడంలో తప్పంతా నా కుడిచేతిది. మిగతావన్నీ మేం పద్ధతిగానే చేశాం.

మావారు పోర్ట్‌లీష్ ఆసుపత్రిలో డాక్టరు. నేను డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో ఒక కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తాను, వారానికి రెండు రోజులు రైల్లో వెళ్ళొస్తాను. ఏడేళ్ళపాటు అద్దె ఇళ్ళల్లోనే ఉన్నాం. లీజు అయిపోయినప్పుడల్లా పెట్టెలు సర్దుకోవడం, అమ్మాయిని కొత్త బళ్ళో వెయ్యడం. మూడో బడి మారాక అది నా ముందు నిలబడి, ఇంకోసారి మారిస్తే జన్మలో నాతో మాట్లాడనని తేల్చి చెప్పింది. అన్నంత పనీ చేసే రకం, నా కూతురే కదా. అందుకే ఊరికి పది నిమిషాల దూరంలో, పొలాల మధ్య పదమూడు ఇళ్ళున్న రోడ్డు మీద ఒక ఇల్లు వేలానికి వచ్చిందని తెలియగానే ఎగిరి గంతేశాం.

మావారు ఫోన్లో దిక్సూచి పెట్టుకుని మూడుసార్లు ఆ ఇంటి చుట్టూ తిరిగొచ్చారు. తూర్పు వాకిలి, ఆగ్నేయంలో వంటిల్లు. ఈశాన్యం మూల పాత బావి ఉందని చెప్పేటప్పుడు ఆయన గొంతు వణికింది. ఐర్లండులో ఈశాన్యం బావి ఎవరికి దొరుకుతుంది? బ్యాంకు జప్తు చేసిన ఇల్లు కదా, మంచిదేనా అని నేను నసిగాను.

"అప్పు కట్టలేకపోయింది మనిషే. ఇల్లేం చేసింది పాపం?" అన్నారాయన.

మన ఊళ్ళోనైతే ఇల్లు కొనేముందు దిక్కులకంటే ముందు ఇరుగుపొరుగుని అడుగుతాం. పక్కింటావిడ రెండు మాటల్లో ఆ ఇంటి చరిత్రంతా మన చేతిలో పెడుతుంది. ఇక్కడ అలా అడగడం మర్యాద కాదేమో అనుకుని ఊరుకున్నాం. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

వేలం ఊళ్ళో ఒక హోటల్ హాల్లో జరిగింది. ఆ రోజు మధ్యాహ్నం వాన. యాభై మంది దాకా వచ్చారు, ఎవరూ కోట్లు విప్పలేదు. ముందున్న రెండు మూడు ఇళ్ళకి పాట హుషారుగానే సాగింది. మా ఇంటి వంతు రాగానే గోడవారగా నిలబడ్డ మగాళ్ళందరూ చేతులు కట్టుకున్నారు. ఆడవాళ్ళు నేలకేసి చూశారు. పాట పెట్టేవాడు ధర చెప్పాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంకాస్త తగ్గించాడు. కుర్చీ కిర్రుమన్న శబ్దం కూడా లేదు. ఆ నిశ్శబ్దం నాకు బెరుకు పుట్టించాల్సింది. ఆశ పుట్టించింది. మావారు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు, నా చెయ్యి లేచింది.

మూడుసార్లు అడిగారు. ఇంకెవరూ పాడలేదు. పక్కన కూర్చున్న ముసలావిడ నా భుజం మీద చెయ్యి వేసింది. మెల్లగానే వేసింది గానీ చాలాసేపు తియ్యలేదు. అభినందిస్తోంది కాబోలనుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "థాంక్యూ ఆంటీ" అన్నాను. ఆవిడ నన్నే చూస్తూ చెయ్యి తీసేసుకుంది. ఆ సాయంత్రం మా అమ్మకి ఫోన్ చేసి, పోటీకి ఒక్కళ్ళూ రాలేదమ్మా, అంతా దేవుడి దయ అని గొప్పగా చెప్పుకున్నాను.

ఏప్రిల్‌లో ఒక శనివారం గృహప్రవేశం పెట్టుకున్నాం. కుంకుమ భరిణె పట్టుకుని పన్నెండు గడపలూ ఎక్కి పేరుపేరునా పిలిచాను. ఇది మా పద్ధతండీ అని చెబితే అందరూ "గ్రాండ్, గ్రాండ్" అన్నారు, ఇక్కడ 'సరే, అలాగే' అనడానికి అదే మాట. ఇద్దరు ముసలమ్మలు నుదురు చూపించి బొట్టు కూడా పెట్టించుకున్నారు. వాళ్ళలో ఒకావిడ వేలంలో నా పక్కన కూర్చున్నావిడే. ఎదురిల్లేనని అప్పుడు తెలిసింది. నలభై మందికి పులిహోర కలిపాను. ఆగ్నేయం మూల పాలు పొంగించాం. ఆసుపత్రి నుంచి మనవాళ్ళు మూడు కుటుంబాలు వచ్చి తిని వెళ్ళాయి. రోడ్డు మీదవాళ్ళు ఒక్కళ్ళూ రాలేదు. బొట్టు పెట్టించుకుని కూడా రాకపోవడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

కిటికీలోంచి చూశాను. అన్ని ఇళ్ళ ముందూ కార్లున్నాయి. వాన లేని శనివారం ఈ దేశంలో గడ్డి కోసే మిషన్ చప్పుడు వినబడకుండా ఉండదు. ఆ రోజు ఒక్కటీ మోగలేదు. పన్నెండు ఇళ్ళూ ఊపిరి బిగబట్టుకుని మా ఇంటినే చూస్తున్నాయనిపించింది. నా చేతిలో పులిహోర గరిటె అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత కూడా ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఒక్కళ్ళు తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టేదాన్ని. ఆ విద్య నాకు బాగానే వచ్చు. కొట్లోకి వెళితే అప్పటిదాకా మాట్లాడుకుంటున్నవాళ్ళు ఆగి, వాన గురించి నాతో ఒక ముక్క చెప్పి, నేను బయటికి వచ్చాక మళ్ళీ మొదలుపెట్టేవారు. పొగగొట్టం శుభ్రం చేసే అతను ఫోన్లో వస్తానన్నాడు. అడ్రసు చెప్పగానే ఈస్టర్ దాకా ఖాళీ లేదన్నాడు. అప్పటికి నెల సెప్టెంబరు!

చలికాలం వచ్చాక కుక్క మొదలైంది. నలుపూ తెలుపూ కలిసిన గొర్రెల కుక్క. రోజూ నాలుగు దాటాక, వెలుతురు పోయే వేళకి వచ్చి మా పెరటి తలుపు ముందు కూర్చునేది. మొరగదు, గీకదు. ఎవరో లోపల్నుంచి తలుపు తీస్తారన్నట్టు తలుపునే చూస్తూ కూర్చుంటుంది. నేను తీస్తే నా మొహం చూసి, నా పక్కనుంచి లోపలికి చూసి, మళ్ళీ కూర్చునేది. కాసేపటికి గేటు బయట ఒక మనిషి వచ్చి నిలబడేవాడు. ఈల వెయ్యడు, పిలవడు, గేటు దాటి అడుగు పెట్టడు. కుక్క లేచి వెళ్ళేది, ఇద్దరూ మసకలో కలిసిపోయేవారు. ఒకరోజు ధైర్యం చేసి "ఎవరు కావాలండీ?" అని అడిగాను. అతను ఒక వేలెత్తి పలకరింపుగా ఆడించి వెళ్ళిపోయాడు. మావారితో చెబితే, "కుక్కని చూసి భయమా, మనిషిని చూసి భయమా?" అని వేళాకోళం చేశారు. ఆయన ఇంటికి వచ్చేసరికి ఎనిమిదయ్యేది మరి, ఆయనకేం తెలుస్తుంది.

అమ్మాయి మాత్రం సంతోషంగా ఉండేది. అదే నా ఊరట. సెప్టెంబర్లో అందరితోపాటు చేరిన హైస్కూల్లో దానికి ఒకే ఒక్క స్నేహితురాలు. చాలు, అదివరకు ఆ ఒక్కతీ లేదు. ఇంటికి వచ్చి ఆ పిల్ల కబుర్లే చెప్పేది. మిగతా పిల్లలు దీన్ని చూసీ చూడనట్టు ఉంటారని మాత్రం ఒకసారి నోరు జారింది.

నవంబర్లో చరిత్ర టీచరు ప్రాజెక్టు ఇచ్చింది. అమెరికాలో ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు జనం ఏం చేశారు, ప్రభుత్వం ఏం చేసింది అని. వంటింటి బల్ల దగ్గర కూర్చుని అది ఇంగ్లీషులో చదువుతోంది, నేను వెల్లుల్లి వొలుస్తున్నాను. బ్యాంకుల ముందు బారులు తీరిన జనం. కొత్త ప్రెసిడెంటు వచ్చి కొన్నాళ్ళు బ్యాంకులన్నీ మూయించడం. కుర్రాళ్ళకి చెట్లు నాటే పని, మగాళ్ళకి రోడ్లేసే పని. ఎక్కడో వింటున్నాను, ఎక్కడో ఆలోచిస్తున్నాను.

"ఇది విను, మ్యామ్," అంది. ఇక్కడి పిల్లలు అమ్మని అలాగే పిలుస్తారు. ప్రభుత్వం కదలకముందే పల్లెల్లో జనం ఒక పని చేశారట. అప్పు కట్టలేని రైతు పొలం వేలానికి వస్తే, చుట్టుపక్కలవాళ్ళందరూ వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడేవారట. ఎవరూ పాడరు. ఒకడు మాత్రం చిల్లర పైసలకి పాడి, కొన్నది కొన్నట్టు ఆ రైతుకే తిరిగి ఇచ్చేసేవాడు. తెలియక ఎవరైనా కొత్తవాడు పాట పెంచబోతే, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి అతని భుజం మీద పడేది. మాట ఉండదు, చెయ్యి ఒక్కటే. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు అలాంటి వేలాలని కొంతకాలం ఆపమని చట్టాలు కూడా చేశాయట.

భుజం బరువెక్కింది. తలుపు కూడా వెయ్యకుండా, వంటింటి చెప్పులతోనే రోడ్డు దాటి ఎదురింటి తలుపు తట్టాను.

ముసలావిడ తీసింది. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా అడిగేశాను. "ఆ రోజు మీరు నా భుజం మీద చెయ్యి ఎందుకు వేశారు?"

"ఆపుదామని," అంది. "అప్పటికే ఆలస్యమైపోయింది."

లోపలికి రమ్మంది, టీ పెట్టింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. "మేమంతా మాట్లాడుకున్నాం. ఎవరూ పాడకూడదని. ఇల్లు అమ్ముడుపోకుండా వెనక్కి వెళితే, అందరం కలిసి బ్యాంకువాళ్ళతో మాట్లాడి, ఆ ఇంటివాళ్ళకి ఇంకో ఏడాది గడువు ఇప్పిద్దామనుకున్నాం. ఈ దేశంలో మనిషిని గెంటేసిన ఇంటికి పక్కవాడు పాడడమ్మా. అది మా తాతల నాటి మాట."

"మాకు తెలీదు. ఒట్టు, మాకెవరూ చెప్పలేదు."

"నీకెలా తెలుస్తుంది? చెప్పాల్సింది మేమే. ఒక్కసారైనా చెప్పాల్సింది."

"గేటు దగ్గరికి వచ్చేది ఎవరు?"

"ఆ ఇల్లు పోగొట్టుకున్నతనే. ఆ కుక్క వినదు. ఊళ్ళో రెండు గదుల్లో ఉంటున్నారు, భార్యా, కూతురూ, అతనూ. ఆ పిల్ల మీ అమ్మాయి క్లాసేగా?"

ఎలా ఇంటికి వచ్చానో తెలీదు. అమ్మాయి ఇంకా బల్ల దగ్గరే ఉంది. నేనేమీ అడగకముందే నా మొహం చూసి గ్రహించేసింది. దానికి సెప్టెంబరు నుంచీ తెలుసట. ఆ స్నేహితురాలే ఆ పిల్ల. ప్రాజెక్టు ఇద్దరూ కలిసి చేస్తున్నారట, వేలాల భాగం రాసింది ఆ పిల్లేనట. తను పడుకున్న గదిలోనే నా కూతురు పడుకుంటోందని తెలిసి, కిటికీ వైపు తల పెట్టుకోకు, గాలి వస్తుంది అని చెప్పిందట.

"తనకి ఒక్కసారి తన గది చూసుకోవాలని ఉందట, మ్యామ్. శనివారం రానా అని అడిగింది. జస్ట్ వన్స్."

రమ్మనాలనే అనిపించింది, అబద్ధం చెప్పను. కానీ ఆ సాయంత్రం మావారు, "నీకేమన్నా మతిపోయిందా? ఇవాళ పిల్ల వస్తుంది, రేపు తల్లి వస్తుంది. గుమ్మంలో కూర్చుని కదలమంటే ఏం చేస్తావు? మన పెద్దనాన్న స్థలం ఎలా కబ్జా అయిందో మర్చిపోయావా? ఉన్నదంతా ఊడ్చి ఇందులో పెట్టాం," అన్నారు. విజయవాడ పక్కన ఖాళీ స్థలంలో గుడిసె వేసుకున్న వాళ్ళ కథని తెచ్చి, ఐర్లండులో పదమూడేళ్ళ పిల్లకి అంటించాం ఇద్దరం. అవును, ఇద్దరం. కూతురికి వద్దని చెప్పింది నేనే. ఆయన నోటితో చెప్పించలేదు.

అది అరవలేదు. "గ్రాండ్," అంది. ఆ మాట ఈ రోడ్డు వాళ్ళందరూ నాతో ఎలా అనేవారో అచ్చం అలాగే అంది. ఆ శుక్రవారం ఇద్దరూ క్లాసులో ప్రాజెక్టు చదివారు. టీచరు మెచ్చుకుందట. ఎవరూ చప్పట్లు కొట్టలేదట.

ఫిబ్రవరిలో కుక్క రావడం మానేసింది. రెండు రోజులు చూశాను, మూడో రోజు పెరటి తలుపు తీసి పెట్టుకుని మరీ నిలబడ్డాను. గేటు దగ్గర కూడా ఎవరూ లేరు. అమ్మాయి బడి నుంచి వచ్చి, వాళ్ళు ఆస్ట్రేలియా వెళ్ళిపోయారని చెప్పింది. అక్కడ వాళ్ళ మామయ్య ఉన్నాడట. కుక్కని ఎవరికో ఇచ్చేశారట. చెప్పి పైకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆ శనివారం పదకొండు గంటలకి తలుపు తట్టిన చప్పుడు. తీస్తే ఎదురింటి ముసలావిడ, చేతిలో ఆపిల్ టార్ట్. వెనకాల పక్కింటి దంపతులు, వాళ్ళ వెనక ఇంకో నలుగురు. అటువైపు నుంచి ఇంకా వస్తూనే ఉన్నారు. బ్రెడ్డు, కేకు, గుడ్లు, ఒకాయన చేతిలో బంగాళాదుంపల సంచి. అందరూ నవ్వుతున్నారు. నిన్ననే కొత్తగా దిగినవాళ్ళతో చెప్పినట్టు, మా ఊరికి స్వాగతమన్నారు. పొగగొట్టం అతను కూడా వచ్చాడు, సోమవారం ఖాళీయేనన్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళు ఎవరి కోసం మాట్లాడకుండా ఉన్నారో ఆ మనుషులు ఇక ఈ ఊళ్ళో లేరు. అంతే, ఇక మౌనంగా ఉండాల్సిన పని లేదు. వాళ్ళ మంచితనాన్ని చూసి నాకు భయమేసింది. ఏడాదిగా ఎదురుచూసిన రోజు వస్తే, ఎవరో పోయిన ఇంట్లో పదో రోజు భోజనాలకి వడ్డిస్తున్నట్టుంది నాకు.

పైకి వెళ్ళి అమ్మాయిని పిలిచాను. గడియ తియ్యలేదు. "రావే తల్లీ, అందరూ వచ్చారు," అన్నాను.

"తను రాలేదుగా," అంది లోపల్నుంచి. ఎప్పుడూ నాతో ఇంగ్లీషే మాట్లాడేది, ఆ మాట తెలుగులో అంది.

నేను మెట్లు దిగి వచ్చేసరికి వంటింట్లో టీ తయారవుతోంది. ఒకావిడ కెటిల్ పెట్టింది, ఒకాయన కుళాయిని బిగుసుకోకుండా, ఏళ్ళ తరబడి అలవాటున్న ఒడుపుతో తిప్పాడు. ముసలావిడ మూల అలమర తెరిచి పన్నెండు కప్పులు బల్ల మీద పెట్టింది. కప్పులు ఎక్కడుంటాయో నన్ను ఎవరూ అడగలేదు.