మళ్లీ పరమాణువు దగ్గర్నుంచి

మా కెమిస్ట్రీ సార్ పోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ మెట్లెక్కుతుంటే సార్ భార్య ఫోన్ చేశారు. "మీ సార్ వెళ్లిపోయారమ్మా. నిద్రలోనే," అన్నారు. ఆ గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. పైన పిల్లలు ఎదురుచూస్తున్నారు, నా బదులు వెళ్లేవాళ్లు ఎవరూ లేరు. ఆమ్లాలు, క్షారాలు రివిజన్ ముగించి, చేతికి మార్కర్ మరకలతోనే షేర్ ఆటో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో సార్ ఇంటికి వెళ్లాను.

నేను హైస్కూల్లో ఉన్నప్పుడు గడ్డిఅన్నారంలో పండ్ల మార్కెట్ ఉండేది. మా నాన్న అక్కడే హమాలీ. మా బడి కిటికీలోంచి మామిడిపళ్ల వాసన, లారీల హారన్లు కలిసి లోపలికి వచ్చేవి. సార్‌ది గుంటూరు వైపు. క్లాసులోకి రాగానే సుద్దముక్కను రెండుగా విరిచి, ఒక సగం ముందు బెంచీలో ఎవరికో ఒకరికి ఇచ్చేవారు. "నేను తప్పు రాస్తే మీరొచ్చి దిద్దాలి," అనేవారు. నిజంగానే అప్పుడప్పుడు తప్పు రాసేవారు. కావాలని రాసేవారని చాలా రోజులకు గానీ మాకు తెలియలేదు.

పరీక్షలు దగ్గరపడితే మిగతా టీచర్లు చివరి పాఠాల వెంట పరిగెత్తేవారు. సార్ మాత్రం మమ్మల్ని పరమాణువు దగ్గరికి తీసుకుపోయేవారు. "అర్థం కాకపోతే వెనక్కి పోదాం. సిగ్గేముంది? దారి అక్కడే కదా మొదలైంది," అనేవారు. సంయోజకతను, అంటే ఏ పరమాణువు ఎన్నింటితో కలవగలదో, చేతులతో చెప్పేవారు. సోడియానికి ఒక చెయ్యి, ఆక్సిజన్‌కి రెండు. ఆక్సిజన్ అయి ఆయన రెండు చేతులూ చాచి నిలబడితే, మాలో ఇద్దరం సోడియాలమై చెరో చెయ్యీ పట్టుకునేవాళ్లం. నేను ఈ వృత్తిలోకి రావడానికి పెద్ద కారణాలేమీ లేవు. ఆ చెయ్యి పట్టుకోవడమే.

రిటైరయ్యాక కొన్నాళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. చూడటానికి వెళ్తే సార్ భార్య తలుపు దగ్గరే చెప్పారు. "ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుందమ్మా. మాటే రావట్లేదు. నా పేరు కూడా రావట్లేదు. ఏళ్ల తరబడి నోట్లో నానినవి చెప్పించమంది డాక్టరమ్మ. ఆయన నోట్లో నానింది మీ కెమిస్ట్రీయే."

"నేనొస్తా అమ్మా. సాయంత్రం క్లాసులయినంక జర సేపు కూసుంట," అన్నాను.

అనడం తేలికే. పొద్దుట్నుంచి బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కి ఒకే పాఠం చెప్పి, గొంతు బొంగురుపోయి, మళ్లీ అదే పాఠం చెప్పడానికి ఇంకో ఇంటి మెట్లెక్కడం కష్టంగా ఉండేది. రాలేనని ఫోన్ చేసిన రోజులూ ఉన్నాయి.

"సార్, పదార్థంల అన్నిటికన్న చిన్నది ఏంది?" అని అడిగేదాన్ని. ఆయన పైకప్పు వైపు చూసేవారు. "ప... ప..." అని ఆగిపోయేవారు. ఒకరోజు కోపమొచ్చి మంచినీళ్ల గ్లాసు తోసేశారు. సార్ భార్య నేల తుడుస్తూ, "పిల్లలకి రాకపోతే ఇలాగే విసిరికొట్టారా మీరు?" అన్నారు. ఆయన తలదించుకున్నారు. నేను మెల్లగా, "వెనక్కి పోదాం సార్. సిగ్గేముంది?" అన్నాను. ఆయన ఎడమచేత్తో కళ్లు తుడుచుకున్నారు.

కొన్ని వారాల తర్వాత సంయోజకత దగ్గరికి వచ్చాం. సార్ తన ఎడమ చెయ్యి ఎత్తారు. ఒళ్లో పడి ఉన్న కుడి చేతిని చూసుకున్నారు. "నేను... సోడియం," అన్నారు.

ముగ్గురం నవ్వాం. సార్ భార్య నవ్వుతూనే కొంగు కళ్లకు అద్దుకున్నారు. "సోడియం గుర్తొచ్చింది గానీ నేను గుర్తురాలేదు చూడు," అన్నారు.

ఆ తర్వాత కొన్ని మాటలు వచ్చాయి. వచ్చినవాటిలో కొన్ని మర్నాటికి పోయేవి. ఒక సాయంత్రం నాకే ఓపిక అయిపోయింది. "నాతోని అయితలేదు సార్. పొద్దుగాల నుంచి గిదే చెప్తున్న. పాత పాఠమే, పాత పాఠమే," అన్నాను. ఆయన చాలాసేపు వెతుక్కున్నారు. ఒక్కో మాటా బరువు మోసినట్టు తెచ్చారు. "పాఠం... పాతది. పిల్లలు... కొత్త."

అంత పొడుగు మాట ఆయన మళ్లీ మాట్లాడలేదు. ఆ రోజు నా అలసట తీరిందని చెప్పను, తీరలేదు. కానీ మర్నాడు క్లాసులో పిల్లల ముఖాలు చూస్తూ పాఠం చెప్పాను.

ఆయన ఉండగా చివరిసారి వెళ్లింది ఒక ఆదివారం, చర్చి నుంచి నేరుగా. ఆయన కుర్చీలో ఉన్నారు, ఆవిడ వంటింట్లో పాలు పెట్టారు. నేను ఇంకా పాఠమేమీ మొదలుపెట్టలేదు. సార్ వంటింటి వైపు తిరిగి, ఏ తడబాటూ లేకుండా, ఆవిణ్ని పేరు పెట్టి పిలిచారు.

ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. "ఇంకోసారి అనండి," అన్నారు. ఆయన పెదాలు కదిలాయి, మాట రాలేదు. అయినా ఆవిడ ఒక చెయ్యి గుమ్మానికి ఆనించి అలాగే చూస్తూ నిలబడిపోయారు. వెనక పాలు పొంగి, స్టవ్ మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి నేల మీదికి కారుతున్నాయి. మా ముగ్గురిలో ఒక్కరమూ కదల్లేదు.